బ్లేడు ముట్టని ఇల్లు

నాకు పొగరెక్కువని చిన్నప్పటి నుంచీ అందరూ అనే మాటే. కడుపుతో ఉన్నప్పుడైనా తగ్గుతుందని మా వాళ్లు ఆశపడ్డారు. తగ్గకపోగా నాతో పాటు అది కూడా లావెక్కింది.

తొంభైల మధ్యలో సంగతి. అప్పుడు నేను యూనివర్సిటీలో బాటనీ రీసెర్చ్ స్కాలర్‌ని. మా ఆయన అదే యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. ఇద్దరిదీ కడప జిల్లానే. తార్నాకలో ఒక మేడ మీద రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. పొద్దున్నే టిఫిన్ బాక్సులు పట్టుకుని ఇద్దరం క్యాంపస్‌లోకి నడిచిపోయేవాళ్లం. ఆయన ఆఫీసు వైపు తిరిగితే నేను ల్యాబ్ వైపు.

ల్యాబ్‌లో నా పని మొక్కల కాండాలను పలచగా కోసి మైక్రోస్కోపు కింద చూడటం. క్యారెట్ ముక్కకు గాటు పెట్టి, అందులో కాండం ముక్కను ఇరికించి, తడి బ్లేడుతో ఒక్క లాగు లాగాలి. తెగిన ముక్క నీళ్లలో వేస్తే కనబడీ కనబడనట్టు తేలాలి. అంత పలచగా కోసే చేయి మా డిపార్ట్‌మెంట్‌లో నాదొక్కటే. మా సారు నా స్లైడ్లు ఎమ్మెస్సీ పిల్లలకు చూపించి, సెక్షన్ అంటే ఇట్లా ఉండాలి అనేవారు. నేను పక్కనే నిలబడి, నాకేం పట్టనట్టు కిటికీలోంచి చూసేదాన్ని. లోపల మాత్రం పొంగిపోయేదాన్ని.

ఆరో నెలలో ఒక రోజు చెకప్ కోసం మా ఇంటికి దగ్గరలో ఉన్న చిన్న నర్సింగ్‌హోమ్‌కు వెళ్లాను. హాల్లో పదిమంది దాకా ఉన్నారు. వాళ్లలో మగవాళ్లు కూడా ఉన్నారు. హాలుకు, లోపలి గదికి మధ్య ఒక ఆకుపచ్చ పరదా. లోపల ఎవరికో నొప్పులు మొదలయ్యాయి. ఆమెను కాన్పుకు సిద్ధం చేయడానికి ఆయా బ్లేడున్న ట్రే పట్టుకుని వెళ్లింది. వెళ్లిన నిమిషానికే గొంతు లేచింది.

"ఏందమ్మా గిది? అడవి లెక్క పెంచుకొని వస్తివి. ఇంట్ల చెప్పేటోళ్లు లేరా? గలీజు. గిదంత మేమే సాఫ్ చెయ్యాల్నా?"

హాల్లో అందరికీ వినబడింది. ఒకాయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుకున్నారు. లోపలున్న ఆమె నొప్పికి మూలగడం కూడా ఆపేసింది. ఆమె మొహం నేను చూడలేదు. చూడకపోయినా నా ఒళ్లంతా కాలిపోయింది. ఆ రోజు బీపీ చూసిన డాక్టరమ్మ, ఎందుకింత పెరిగిందమ్మా అని అడిగింది.

ఇంటికి వచ్చేటప్పుడే తీర్మానం చేసుకున్నాను. ఏం జరిగినా సరే, ఆ మాట నేను పడకూడదు.

అప్పటి నుంచి నాకు వేరే బెంగ లేకుండా పోయింది. నొప్పులంటే భయం లేదని కాదు. బిడ్డ అడ్డం తిరుగుతుందేమో, ఉమ్మనీరు తగ్గుతుందేమో అని అందరిలాగే నేనూ భయపడ్డాను. కానీ మధ్యాహ్నం అన్నం తిని పడుకుంటే కళ్ల ముందు తిరిగేవి అవి కావు. నా మడమలు పగిలి ఉన్నాయి. కాళ్ల మీద నూగు దట్టంగా ఉంది. చంకల్లో చెమట కాయలు. లంగాల అంచులు చీకిపోయి ఉన్నాయి. వీటన్నిటినీ ఆ ఆయా ఒక ట్యూబ్‌లైటు కింద నిలబడి చూస్తుంది, చూసి హాలుకంతా చెబుతుంది. యూనివర్సిటీలో నా సెక్షన్లకు పేరున్నా ఆ పరదా వెనక అదేం పనికొస్తుంది?

ల్యాబ్‌లో మా సీనియర్ ఒకావిడ ఉండేది. వరంగల్ వైపు పల్లె నుంచి వచ్చింది, ఇద్దరు పిల్లల తల్లి. సిగ్గు విడిచి ఆమెను అడిగాను.

"గదా నీ రంది?" అంది ఆమె టీ తాగుతూ. "నేను ఫస్ట్ డెలివరీకి ఏం తెల్వక పోయిన. గా ఆయా నన్ను కడిగి పారేసింది. రెండోసారి ఇంట్లనే చేస్కొని పోయిన, గప్‌చిప్. నువ్వు గూడ ఇంట్లనే చేస్కొని పో. ఆమె చేతిల మాత్రం పడకు."

"నాకు కిందికి కనబడితే కదక్కా" అన్నాను.

"మీ ఆయనకు చెప్పు."

మా ఆయనకా? ఆయనకు కొబ్బరికాయ కొట్టడమే సరిగ్గా రాదు. పైగా ఆయనకే అప్పుడు బ్లేడు కరువు. మా వైపు ఒక పట్టింపు ఉంది. భార్య కడుపుతో ఉంటే భర్త గడ్డం గీసుకోకూడదు, జుట్టు కత్తిరించుకోకూడదు. ఐదో నెల నుంచి మా ఆయన మొహం మీద గడ్డం పెరుగుతూ పోయింది. ఆఫీసులో ఒకరు మాల ఏదీ అని అడిగితే, ఇంకొకరు ప్రేమ విఫలమైందా అని పరామర్శించారట. ఆయన ఓపికగా అందరికీ కారణం చెప్పుకునేవారు.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ నేను థీసిస్ రాస్తున్నాను, కదలనని మొండికేశాను. దాంతో ఎనిమిదో నెలలో మా అమ్మే వచ్చింది. నాయన పోయి అప్పటికి ఏడాది దాటింది. పోయేముందు రెండేళ్లు ఆయన పక్షవాతంతో మంచం మీదే ఉన్నాడు. అమ్మ ఒక ట్రంకు పెట్టె, రెండు సంచుల కొర్రలు, ఒక సీసా నెయ్యి, వాటితో పాటు ఊళ్లో పట్టింపులన్నీ మోసుకొచ్చింది. వచ్చిన రోజే మా ఆయన షేవింగ్ సామాను మొత్తం ఒక గుడ్డలో మూటగట్టి ట్రంకు అడుగున పెట్టి తాళం వేసింది.

"కడుపుతో ఉండే ఇంట్లో కత్తి తగలగూడదు. గోర్లు గూడా తీసుకోవాకు పాపా" అంది నాతో.

అమ్మకు నా బెంగ చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలుసు. మమ్మల్ని నలుగురినీ ఇంట్లోనే కనింది. మంత్రసానికి కావాల్సింది వేణ్ణీళ్లు, పాత చీరలు. ఇట్లాంటి సంగతి ఆమె ఊహలో కూడా ఉండదు. అయినా ఈ పనికి అమ్మ ఎందుకు? బ్లేడు పట్టడంలో నన్ను మించినవాళ్లు ఎవరున్నారు?

తొమ్మిదో నెల పడ్డాక ఒక శనివారం ల్యాబ్ నుంచి కొత్త బ్లేడు ఒకటి, కాగితం విప్పకుండా, నోట్‌బుక్‌లో పెట్టుకుని తెచ్చాను. ఆదివారం మా ఆయన ఏదో పని మీద మల్కాజ్‌గిరి వెళ్లారు. అమ్మ కూరగాయలకని లాలాపేట్ వైపు నడిచింది. గంట దాకా రాదు. నేను బాత్రూమ్‌లో పీట వేసుకుని, ఎదురుగా బకెట్‌కు చేతి అద్దం ఆనించి కూర్చున్నాను.

అద్దంలో నా పొట్ట తప్ప ఏమీ కనబడలేదు. అద్దం జరిపితే బకెట్, ఇంకా జరిపితే పైకప్పు. సరే, చూపు లేకపోతేనేం, చేయి ఉంది కదా అనుకున్నాను. బ్లేడు నీళ్లలో తడిపాను. అలవాటైన చేయి అలవాటైన పనే చేసింది. కాండాన్ని కోసినట్టు, ఏటవాలుగా పెట్టి, నా వైపుకి ఒక్క లాగు లాగింది.

నాలుగేళ్ల నుంచి ఆ చేతికి కోయడమే వచ్చు. గీయడం వేరు, కోయడం వేరు అని నాకు ఆ పీట మీదే తెలిసింది. ముందు నొప్పి తెలియలేదు. పీట మీద రక్తం చూశాక తెలిసింది. మగ్గుతో నీళ్లు పోసుకుంటే భగ్గున మండింది. లేవబోతే లేవలేకపోయాను. తువ్వాలు అదిమిపెట్టుకుని అట్లాగే కూర్చున్నాను. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆ పొట్ట మీద, ఆ అద్దం మీద, ఎక్కడో నర్సింగ్‌హోమ్‌లో హాయిగా ఉన్న ఆయా మీద.

అమ్మ ముందే వచ్చేసింది. చిల్లర మరచిపోయిందట. బాత్రూమ్ తలుపు తీసి చూసి, గడప దగ్గరే నిలబడిపోయింది.

"ఏమైంది? బిడ్డకేమన్నా అయ్యిందా?"

"బిడ్డకేం కాలేదు. నేనే కోసుకున్నా."

అప్పుడు ఆమెకు బ్లేడు కనబడింది. "తొమ్మిదో నెలలో బ్లేడు పడతావా? బుద్ధుండాదా నీకు? ఇన్ని సదువులు సదివి ఇదేనా నేర్చుకునింది?"

ఇంకో రోజైతే నేనూ రెండు మాటలు అనేదాన్నే. ఆ రోజు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పాను. హాలు, పరదా, ఆ ఆయా, పేపరు అడ్డం పెట్టుకున్న ఆయన.

"ఏమనిందంట ఆయమ్మ? మళ్లా చెప్పు" అంది అమ్మ.

ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. అమ్మ బాత్రూమ్ గడప మీద కూర్చుండిపోయింది. నేను ముక్కు చీదుకుంటూ ఉన్నాను. ఆమె దగ్గర మంత్రాలు లేవు, శాస్త్రాలు లేవు. ఆ పట్టింపు మాత్రం ఆమె తల్లి చెప్పింది, తల్లికి ఆమె తల్లి చెప్పింది. అది తప్పితే బిడ్డకేమవుతుందోనన్న భయం ఆమెకు నిజంగానే ఉంది. ఆ సంగతి నాకు తెలుసు.

చివరకు లేచి లోపలికి వెళ్లింది. ట్రంకు తాళం తీసిన చప్పుడు వినబడింది. వచ్చేటప్పుడు ఆమె చేతిలో మా ఆయన రేజర్, బ్రష్షు, సబ్బు, ఒక పాత మెత్తటి చీర ఉన్నాయి.

"ఏమ్మా, తప్పు కదా?" అన్నాను. ఇప్పుడు భయపడటం నా వంతైంది.

"తప్పో ఒప్పో దేవునికి నేను చెప్పుకుంటాలే. నా బిడ్డను వాళ్లెవురో అంత మాట అంటాంటే నేను యినుకుంటా కూసోవాల్నా? కాళ్లు సాపు."

వేణ్ణీళ్లతో ముందు తెగినచోట కడిగి, ఒత్తిపట్టి రక్తం ఆపింది. తర్వాత బ్రష్షుతో సబ్బు నురగ చేసింది. రెండు వేళ్లతో చర్మం సాగదీసి, రేజర్‌ను అసలు నొక్కకుండా, దాని బరువు మీదే జారనిచ్చింది. ప్రతి రెండు గీతలకూ నీళ్లలో ముంచి తుడిచింది. నాకు ఒక్కచోట కూడా చురుక్కుమనలేదు.

"ఎప్పుడు నేర్చుకున్నావమ్మా?"

"మీ నాయనకు రెండేండ్లు గడ్డం గీసింది ఎవరనుకుంటివి? మంగలాయన వారానికొకసారి వస్తాండె. మీ నాయనకేమో దినామూ నున్నగా ఉండాల. మాట పడిపోయినా గడ్డం మింద చెయ్యేసి సూపిస్తాండె."

ఆ రెండేళ్లూ నేను హైదరాబాదులోనే ఉన్నాను. పండక్కో పబ్బానికో ఊరికి వెళ్తే నాయన నున్నటి గడ్డంతో మంచం మీద కూర్చుని కనబడేవాడు. ఎవరు గీశారని ఒక్కసారైనా అడగలేదు. బాత్రూమ్ గోడకు ఆనుకుని అమ్మ చేతిని చూస్తూ కూర్చున్నాను. అంత పలచని సెక్షన్లు కోసే నా చేయి ఆ చేయి ముందు ఏ మూలకు? సిగ్గు ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు.

ఎట్లాగూ తప్పు చేస్తున్నాం, సగంలో ఆపడమెందుకని నా గోళ్లు కూడా తీసేసింది. మడమలు రాయితో రుద్ది ఆముదం రాసింది. తలకు నూనె పెట్టి, కుంకుడుకాయతో తలంటి, జుట్టు రెండు పాయలుగా తీసి గట్టిగా రెండు జడలల్లింది. నొప్పుల్లో పడుకుంటే జుట్టు కింద నలగకుండా రెండు జడలు వేయాలట. సాయంత్రానికి నేను పెళ్లికూతురు కంటే శుభ్రంగా ఉన్నాను.

మల్కాజ్‌గిరి నుంచి వచ్చిన మా ఆయన బాత్రూమ్ గూట్లో రేజర్ చూసి, గడ్డం గోక్కుంటూ ఆశగా బయటికొచ్చారు.

"అత్తమ్మా, అయితే నేను కూడా గీసుకోవచ్చా?"

అమ్మ వంటింట్లోంచే జవాబిచ్చింది. "మీరేమన్నా కంటాండారా నాయనా?"

ఆయన గడ్డం అట్లాగే ఉండిపోయింది.

మూడో రోజు పొద్దున ఆరింటికి నొప్పులు మొదలయ్యాయి. ఆటోలో నర్సింగ్‌హోమ్‌కు వెళ్లాం. పరదా వెనక గదిలో రెండు మంచాలున్నాయి. ఒకదాని మీద నన్ను పడుకోబెట్టారు. మధ్యాహ్నం నాకు కూతురు పుట్టింది. డాక్టరమ్మ నా ఒళ్లు నున్నగా ఉందా, మడమలు పగిలాయా అని చూసినట్టే లేదు. ఆమెకు బిడ్డ తల తప్ప ఇంకేం పట్టలేదు. కానీ ఆ మధ్యాహ్నానికి ముందు జరిగింది చెప్పాలి. నేను ఈ కథంతా ఎత్తుకున్నది దాని కోసమే.

ఎనిమిదింటికి అదే ఆయా ట్రే పట్టుకుని వచ్చింది. ఆమె దుప్పటి ఎత్తి చూసింది. మళ్లీ చూసింది. ట్రే పక్కన పెట్టింది.

"ఎవరు చేసిన్రమ్మా గింత సాఫ్‌గ? గిట్ల అందరు చేస్కొనొస్తే మాకు పనే ఉండదు."

ఎమ్మెస్సీలో ఫస్టు వచ్చినప్పుడు కూడా నాకు అంత గర్వం కలగలేదు. ఆ నొప్పుల మధ్యలోనే తలగడ మీద తల కాస్త పైకెత్తుకున్నాను. గెలిచాననిపించింది.

ఆయా ట్రే తీసుకుని రెండో మంచం దగ్గరికి పోయింది. ఆ మంచం మీద పంతొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్ల ఉంది. మేం వచ్చాక పావుగంటకు ఆమెను తీసుకొచ్చారు. భర్త ఏదో బిల్డింగ్ పనిలో కూలి. ఆమెను చేర్పించి డబ్బు కోసమో మనిషి కోసమో పరుగెత్తాడు. పక్కన ఎవరూ లేరు. ఆయా దుప్పటి ఎత్తింది, గొంతు కూడా ఎత్తింది.

"ఏందే పిల్లా, గిట్లనే వస్తరా? అడవి లెక్క..."

ఆ పిల్ల రెండు చేతులతో మొహం కప్పుకుంది. "నాకు తెల్వదమ్మా. ఎవరు చెప్పలే" అంది వేళ్ల సందుల్లోంచి. హాల్లో అప్పటిదాకా వినబడుతున్న మాటలు ఆగిపోయాయి. అందరూ వింటున్నారన్నమాట.

నేనేం చేశానో దాచకుండా చెప్తాను. గోడ వైపు తిరిగాను. నా మీద పడలేదు కదా అనుకున్నాను. మూడు నెలలు నేను సిద్ధమైంది ఆ ఒక్క దానికే. ఆ మాట ఇంకెవరి మీద పడినా ఫర్వాలేదన్నట్టు సిద్ధమయ్యానని నాకు అప్పటిదాకా తోచలేదు.

నా నడుము రాస్తున్న చేయి ఆగింది. అమ్మ లేచింది.

మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. తెలియనివాళ్ల ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. బస్సులో పక్కన ఎవరైనా కూర్చుంటే చీర కొంగు దగ్గరికి లాక్కునే మనిషి. హైదరాబాదు వచ్చి నెలన్నర అయినా పక్క వాటా ఆమెతో పది మాటలు మాట్లాడి ఉండదు.

"ఇట్లియ్యమ్మా" అంది ఆయాతో, ట్రేకు చేయి చాపి. "నేను చేస్తా."

"నువ్వెందుకు చేస్తవమ్మా? గది నా డ్యూటీ."

"డ్యూటీ అయితే నోరు మూసుకోని చెయ్యాల. ఈ బ్లేడు కొత్తదేనా? కొత్తది తే పో."

ఆయా ట్రే మంచం మీద పెట్టింది. కొత్త బ్లేడు తెచ్చింది. అమ్మ తన ముతక చీర కొంగు నడుముకు దోపుకుని, ఆ పిల్ల మంచం అంచున కూర్చుంది. పరదా ఇంకాస్త దగ్గరికి లాగింది.

"భయపడాకు పాపా. గలీజూ లేదు, ఏమీ లేదు. ఒళ్లన్నాక అందరికీ ఉండేదే. నీకు చెప్పేటోళ్లు లేకపాయె, అంతే. నొప్పొచ్చినప్పుడు చెప్పు, చెయ్యి నిలుపుతా."

నేను మళ్లీ ఇటు తిరిగాను. అమ్మ రెండు వేళ్లతో చర్మం సాగదీసి, నొక్కకుండా, మొన్న నాకు చేసినట్టే చేస్తోంది. ఆ పిల్ల మొహం మీది నుంచి చేతులు తీసి అమ్మ కొంగు పట్టుకుంది. నొప్పి వచ్చిన ప్రతిసారీ అమ్మ ఆగేది. నాకు నొప్పి వస్తే తలతిప్పి నన్ను చూసేది, మళ్లీ ఆ పిల్ల వైపు తిరిగేది. నా నడుము రాసేవాళ్లు లేరు. నాకు కోపం రాలేదు. గెలిచానని పైకెత్తుకున్న తల దానంతటదే తలగడ మీదికి దిగింది. కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. సిగ్గుతోనే మొదలైన ఏడుపు అది. కానీ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు. అమ్మను చూస్తుంటే నిలవడానికి దానికి చోటు దొరకలేదు.

ఆయా నా సెలైన్ సరిచేయడానికి వచ్చింది. ఆమె గొంతు బాగా దిగిపోయింది. నా చెవి దగ్గరికి వంగి అడిగింది.

"గామె నీకేమైతదమ్మా?"

పెద్ద నొప్పి వస్తోంది. పళ్లు బిగించి ఊరుకోవచ్చు, లేదా ఆమె అడిగినట్టే మెల్లగా చెప్పొచ్చు. నేను మోచేతుల మీద లేచి, పరదా అవతల హాల్లో కూర్చున్న ప్రతి మనిషికీ వినబడేటట్టు చెప్పాను.

"మా అమ్మ."